మ్యూట్ తీసి చెప్పిన మాట

మీటింగు గదిలో బల్ల మధ్య మూడు కాళ్ల నల్లటి స్పీకర్ ఫోన్ ఉండేది. మ్యూట్ నొక్కితే దాని మీద ఎర్ర దీపం వెలిగేది. రాత్రి ఎనిమిదిన్నరకు కాల్ మొదలు. చలికాలమైతే న్యూయార్కులో అప్పుడు పొద్దున పది. ఇటు మేం ఏడుగురం, అటు ముగ్గురు. “శుక్రవారానికి అయిపోతుంది కదా?” అని అటు నుంచి ప్రశ్న వచ్చేది. మా లీడ్ వేలు బటన్ మీద పడేది. ఎర్ర దీపం వెలిగేది.

అప్పుడు గదిలో అసలు సంగతి బయటికి వచ్చేది, తెలుగులో. “ఎక్కడండీ, ఇంకా సగం ఫైళ్లు ముట్టుకోనే లేదు.” “టెస్ట్ డేటా వాళ్లే పంపలేదు కదా, మనమేం చేస్తాం?” “బుధవారం దాకా కష్టం సార్.” ఇరవై సెకన్లలో పని ఏ స్థితిలో ఉందో మొత్తం బల్ల మీద పరుచుకునేది. లీడ్ అన్నీ విని, తలూపి, మళ్లీ బటన్ నొక్కేవారు. దీపం ఆరేది. ఇంగ్లీషులో ఒక్క ముక్క సముద్రం దాటేది: ప్రయత్నిస్తున్నాం, అయిపోతుంది.

నేను 1999 జూన్‌లో సైబర్ టవర్స్‌లో ఉద్యోగానికి చేరాను. హైటెక్ సిటీ చరిత్ర ఎవరు చెప్పినా భవనాల ఎత్తుతోనో ఉద్యోగాల లెక్కతోనో మొదలుపెడతారు. ఆ లెక్కలంటే నాకూ గర్వమే. కానీ ఇన్నేళ్లు లోపల కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి నేను ఆ ఎర్ర దీపం దగ్గర మొదలుపెడతాను. మ్యూట్‌లో తెలుగులో అనుకున్న నిజాన్ని మ్యూట్ తీసి చెప్పడానికి మాకు ఎన్నేళ్లు పట్టింది, ఎవరెవరు నేర్పారు, నేర్చుకోనప్పుడు ఏం పోగొట్టుకున్నాం అన్నది రాసిపెట్టాలనిపించింది.

రాళ్లగుట్టల నడుమ

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. ఎల్ అండ్ టీ, ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ కలిసి పెట్టిన ఎల్ అండ్ టీ ఇన్ఫోసిటీ ఆ పది అంతస్తుల గుండ్రటి భవనాన్ని సుమారు 14 నెలల్లో కట్టింది. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నాలుగు భాగాలు, బయటికి చూస్తే కనుచూపు మేర రాళ్లగుట్టలు. అదే 1998లో గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాదులో పెట్టిందీ ఆ ఏడాదే. 2001లో ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు వచ్చింది.

మేం బందరు నుంచి, వరంగల్ నుంచి, అనంతపురం నుంచి వచ్చినవాళ్లం. కొందరం ఇంజినీరింగ్ కాలేజీ నుంచి నేరుగా, కొందరం అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ గదుల మీదుగా. చేరిన వారంలో కంపెనీ మాకు సాఫ్ట్ స్కిల్స్ క్లాసు పెట్టింది. ఈమెయిల్ ఎలా మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి, కరచాలనం ఎలా చేయాలి, ఫోన్లో ఎంత నిదానంగా మాట్లాడాలి, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలి అన్నీ చెప్పారు. పని చెడిపోతున్నప్పుడు ఆ కబురు పైవాళ్లకు ఎలా చేర్చాలో మాత్రం ఆ మూడు రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

అమెరికావాళ్లను పేరు పెట్టి పిలవాలన్నారు. పిలిచాం. యాభై ఏళ్ల పెద్దమనిషిని ఫోన్లో “బాబ్” అనేవాళ్లం. కాల్ అయ్యాక పక్కనున్న ముప్ఫై ఏళ్ల మేనేజరును “సార్” అనేవాళ్లం. పిలుపు మారినంత మాత్రాన ఎదురు మాట చెప్పే చనువు రాలేదు. “సార్” అన్నచోట ఆగిపోయిన మాట “బాబ్” అన్నచోట కూడా ఆగిపోయేది.

సైబర్ టవర్స్‌కు ముందు

పనిచేసేచోట ఎలా మాట్లాడాలి, ఎలా తేల్చుకోవాలి అని నేర్పడం హైదరాబాదుకు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందని నేను చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. ఈ ఊరికి ఆ చదువు అంతకు నలభై ఏళ్ల ముందే ఉంది.

సోమాజిగూడలో బెల్లా విస్టా అనే పాత ప్యాలెస్ ఉంది. ఒకప్పుడు అది బేరార్ యువరాజు నివాసం. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఆ ప్రాంగణంలో ఉంది. ఇంగ్లండులోని హెన్లీ కాలేజీని చూసి మన దేశం పెట్టుకున్న సంస్థ అది. ప్రభుత్వ అధికారులు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లు, ప్రైవేటు కంపెనీల వాళ్లు ఒకే గదిలో కూర్చుని చదువుకునేవారు. హెన్లీ నుంచి వచ్చిన పద్ధతి పేరు సిండికేటు: పదిమంది దాకా ఉండే చిన్న బృందం, ఒక్కో అంశానికి ఒక్కో అధ్యక్షుడు, ఒక్కో కార్యదర్శి. ఈరోజు పెద్దగా కూర్చున్నవాడు రేపు మామూలు సభ్యుడు. తన మాట నెగ్గించుకోవడం, ఎదుటివాడి మాట వినడం రెండూ ఒకే మనిషి ఒకే వారంలో చేయాల్సి వచ్చేది.

అలాంటి రెండో బడి యూసఫ్‌గూడలో. చిన్న పరిశ్రమల కోసం శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి 1962లో హైదరాబాదుకు వచ్చింది. సియెట్ అనేవారు, ఇప్పుడు దాన్ని ని-ఎంఎస్ఎంఈ అంటున్నారు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో ఈ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులను ఎంచుకుని ఇక్కడ శిక్షణ ఇప్పించారు. 52 మంది. దుకాణదారులు, మిల్లుల వాళ్లు. లక్ష్యం తానే పెట్టుకోవడం, చేసిన పని ఎలా ఉందో వెంటవెంటనే తెలుసుకోవడం, తనతో తాను ధైర్యంగా మాట్లాడుకోవడం వాళ్లకు సాధన చేయించారు. తర్వాత వాళ్ల వ్యాపారాలను గమనిస్తే చాలామందిలో చురుకు పెరిగింది. సంప్రదాయ నమ్మకాలు మనిషి ఎదుగుదలకు అడ్డు రావని, పనిలో అలవాట్లు పెద్దయ్యాక కూడా మార్చుకోవచ్చని ఆ ప్రయోగం చెప్పింది. ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ పాఠాల్లో ‘కాకినాడ ప్రయోగం’ అని చదువుతారు. యూసఫ్‌గూడ నుంచి మాదాపూర్ ఎంత దూరమని? అయినా ఆ పాఠం మా ఆఫీసులకు చేరలేదు.

మూడో బడి మా ఇంట్లోనే ఉంది. మా నాన్నగారు బందరు తాలూకా ఆఫీసులో యూడీసీ, అంటే సీనియరు గుమస్తా. అక్కడ మద్రాసు రాష్ట్రం నాటి టాటెన్‌హామ్ పద్ధతి నడిచేది. వచ్చిన ప్రతి కాగితానికి ఒక నంబరు. ప్రతి గుమస్తాకు ఒక పర్సనల్ రిజిస్టరు. ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, దాని మీద ఏం చేశారు, ఎక్కడ ఆగింది అన్నీ అందులో. పైఅధికారి తనిఖీకి వస్తే ముందు అడిగేది ఆ రిజిస్టరే. ఇప్పుడు మేం జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్లు తెరిచి, మూసి, పెండింగు లెక్క చూసుకోవడం అంతా దానికి తమ్ముడే.

ఫైలులో రెండు భాగాలుండేవి. ఉత్తరాలన్నీ కరెంటు ఫైలులో, ఆలోచనంతా నోటు ఫైలులో. అందులో ముందు రాసేది అందరికంటే కింద ఉన్న గుమస్తా. సంగతి ఇది, రూలు ఇది, ఇలా చేయవచ్చు అని అతను రాస్తాడు. దాని కింద డిప్యూటీ తహసీల్దారు, ఆ కింద తహసీల్దారు. “పైన వాళ్లు కాదంటే కాదనొచ్చమ్మా, వాళ్లిష్టం. కానీ నేను రాసింది చింపడానికి వీల్లేదు. అది ఫైల్లోనే ఉంటుంది,” అనేవారు నాన్న. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

‘చూద్దాం’ అంటే అర్థం

2002లో నేనొక బీమా కంపెనీ పనిలో ఉన్నాను. పాత కంప్యూటర్లలోని పాలసీల సమాచారం కొత్త వ్యవస్థలోకి మార్చాలి. అమెరికాలో శనివారం రాత్రి మార్పిడి. మంగళవారం నాకు ఒక తేడా కనిపించింది: కొన్ని పాలసీల్లో తేదీ ముందు రోజు తర్వాత నెల, కొన్నింట్లో ముందు నెల తర్వాత రోజు. సరిచేయవచ్చు, కానీ శనివారంలోగా అన్నీ సరిచూడటం కుదరదు. ఆ రాత్రి కాల్‌లో “అంతా బాగుందా?” అని అడిగారు. మ్యూట్‌లో మా లీడ్‌కు చెప్పాను. ఆయన “చూద్దాం” అన్నారు. మ్యూట్ తీశాక నేనే “బాగుంది, చూస్తున్నాం” అన్నాను.

శనివారం మార్పిడి మధ్యలో ఆగింది. అంతా వెనక్కి తిప్పాల్సి వచ్చింది. సోమవారం రాత్రి అవతలి మేనేజరు ఫోన్ చేశారు. ఆవిడ గొంతు పెంచలేదు. ఒకటే అడిగారు: “నీకు ఎప్పుడు తెలిసింది?” మంగళవారం అన్నాను. “మంగళవారం చెప్పి ఉంటే శనివారాన్ని నేను మార్చేదాన్ని. నా చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. అది నాకు లేకుండా చేశావు,” అన్నారు.

ఆ మాట నన్ను ఏళ్ల తరబడి వెంటాడింది. చెడు కబురు దాచి ఆవిణ్ణి నొప్పించకుండా ఉన్నానని అనుకున్నాను. నిజానికి ఆవిడ నిర్ణయాన్ని ఆవిడ చేతుల్లోంచి లాగేసుకున్నాను. తెలిసినవాళ్లు తెలిసిన రోజునే చెప్పకపోతే పైనున్నవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా తేల్చగలిగింది ఏమీ ఉండదు.

ఆ తర్వాత ఆలోచిస్తే ఇంకొకటి తట్టింది. మేం అబద్ధం ఆడాలని ఆడలేదు. మన భాషలో ‘కాదు’ అని మొహాన చెప్పడం మోటు. పెళ్లిచూపులకు వెళ్లొచ్చినవాళ్లు “కబురు చేస్తాం” అంటే కుదరలేదని పిల్ల తరఫువాళ్లకు అర్థమైపోతుంది. అప్పు అడిగితే “చూద్దాం లెండి” అన్నామంటే ఇవ్వం అని అర్థం. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఒకే చెవి ఉన్నచోట ఈ మర్యాద చక్కగా పనిచేస్తుంది. ఆ ‘చూద్దాం’ ఇంగ్లీషులోకి మారి సముద్రం దాటగానే దాని లోపలి ‘కాదు’ ఆవిరైపోయేది. అవతలివాళ్లకు ‘అవును’ ఒక్కటే మిగిలేది. మేం మా లెక్కలో చెప్పాం. వాళ్ల లెక్కలో వాళ్లు విన్నారు. మధ్యలో పని మునిగింది.

అప్పట్లో రిసెప్షన్లలో సీఎంఎం లెవెల్ ఫైవ్ బోర్డులు తగిలించుకోవడం మా కంపెనీలన్నింటికీ గౌరవం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సంస్థ తయారు చేసిన ఐదు మెట్ల కొలమానం అది. దాని పుణ్యమా అని రాతకోతలు, సమీక్షలు, మినిట్స్ మాకు అలవాటయ్యాయి. అది మేలే. కానీ ప్రతి వారం పంపే స్టేటస్ రిపోర్టులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మూడు రంగులుంటే ఎరుపు పెట్టే ధైర్యం ఏ ప్రమాణపత్రం ఇవ్వలేకపోయింది. పైకి ఆకుపచ్చగా, కోస్తే ఎర్రగా ఉండే ప్రాజెక్టును మా వాడుకలో ‘వాటర్‌మెలన్’ అనేవాళ్లం. ఆ మార్పిడి వారం నా ప్రాజెక్టూ అదే.

చిన్నవాళ్లు ముందు

2004లో మాకు కొత్త మేనేజరు వచ్చారు. సైన్యంలో ఇరవై ఏళ్లు చేసి, సికింద్రాబాదు తిరుమలగిరిలో స్థిరపడిన మనిషి. మొదటి మీటింగులోనే ఒక నియమం పెట్టారు. అందరికంటే కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి. ఆయన ఆఖరున. ఎందుకని అడిగితే సైనిక కోర్టుల సంగతి చెప్పారు. అక్కడ తీర్పు తేల్చేటప్పుడు అందరికంటే తక్కువ హోదా ఉన్న అధికారి ముందు తన అభిప్రాయం చెప్పాలి. పెద్దవాడు ముందు నోరు విప్పితే చిన్నవాడు దానికి తలూపుతాడు కాబట్టి ఆ నియమం.

నాకు నాన్నగారి నోటు ఫైలు గుర్తొచ్చింది. అక్కడా గుమస్తా రాతే ముందు. రెండుచోట్లా ఒకే జాగ్రత్త.

ఆయన పెట్టిన రెండో నియమం మ్యూట్ గురించి. మ్యూట్‌లో అనుకున్నదే మ్యూట్ తీసి చెప్పాలి, భాష ఒక్కటే మారాలి. మొదట్లో మాకు నోరు పెగల్లేదు. ఆయన మాకొక వాక్యం తయారు చేసి ఇచ్చారు: ‘ఆ తేదీకి అవదు, ఈ కారణం, ఈ తేదీకి అవుతుంది, మీ నుంచి మాకు ఇది కావాలి.’ నాలుగు ముక్కలు. ‘అవదు’ అన్న ముక్క ఒక్కటే చెబితే చేతులెత్తేసినట్టు ఉంటుంది. మిగతా మూడూ కలిస్తే అది పని. మొదటిసారి ఆ వాక్యం చెప్పినప్పుడు అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత “సరే, తేదీ మారుద్దాం” అన్నారు. మేం భయపడ్డ ఉపద్రవం ఏదీ రాలేదు.

ఎరుపు చూపించినవాళ్లను ఆయన ఎప్పుడూ పదిమందిలో మందలించలేదు. ఆ తర్వాత మా టీము నుంచి పైకి వెళ్లే తప్పుల లెక్క పెరిగింది. పక్క టీములవాళ్లు మేం బాగా చేయడం లేదనుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన చదివాను. 1990లలో ఆవిడ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేశారు. బాగా కలిసిమెలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్ల లెక్క ఎక్కువ కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, చేసిన తప్పును చెప్పుకోగలిగారు కాబట్టి. చదువుతుంటే ఆ మేనేజరు మొహమే కళ్ల ముందు కదిలింది.

2008 డిసెంబరు 16

మా మీటింగు గదుల్లో జరిగేది కొన్ని అంతస్తుల పైన, బోర్డు గదిలో జరిగితే ఏమవుతుందో ఈ ఐటీ కారిడార్ 2008 డిసెంబరులో చూసింది.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో హైదరాబాదులో మొదలైన కంపెనీ. అప్పటికి యాభై వేలకు పైగా ఉద్యోగులు. మా తరంలో సత్యంలో చేసినవాళ్లు లేని తెలుగు బంధువర్గం ఉండేది కాదు. డిసెంబరు 16న ఆ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది: ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సత్యం కొనాలి. మొత్తం 160 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బు స్థలాల వ్యాపారంలోకి. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరొందిన వినోద్ ధామ్, ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు వంటివాళ్లున్నారు. అంతకంటే చదువుకున్న బోర్డు దొరకడం కష్టం. సందేహాలు వచ్చాయి. తీర్మానం మాత్రం వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. మదుపుదార్లు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఆ కొనుగోలును వెనక్కి తీసుకున్నారు.

ఆ నెలాఖరులో స్వతంత్ర డైరెక్టర్ మంగళం శ్రీనివాసన్ రాజీనామా చేశారు. ఆ రోజు తనకు అభ్యంతరాలున్నా, అవి చెప్పినా, వ్యతిరేకంగా ఓటు వేయలేదని, అందుకు నైతిక బాధ్యత తనదేనని ఆవిడ రాశారు. ఆ వార్త నేను కొండాపూర్‌లో మా ఇంటి బాల్కనీలో కూర్చుని చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. ఇది నాకు తెలిసిన సంగతే. మనసులో ఉన్న ‘కాదు’ నోట్లోంచి సగం వచ్చి, చెయ్యెత్తే వేళకు ఆగిపోవడం. అంత ఎత్తున ఉన్నవాళ్లకు కూడా అది కష్టమేనని, దాన్ని ఒప్పుకుని రాయడానికి చాలా నిజాయితీ కావాలని అర్థమైంది.

2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవని, ఏళ్ల తరబడి లాభాలు పెంచి చూపించామని. బోర్డులో మరెవరికీ ఈ సంగతి తెలియదని కూడా రాశారు. మొదట చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరుగుతూ పోయిందన్నది ఆ లేఖ సారాంశం. మోసం వేరు, భయంతో నోరు మెదపకపోవడం వేరు. రెండింటినీ ఒకటి చేయను. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనకు, మరికొందరికి ఏడేళ్ల శిక్ష వేసింది. కానీ చెప్పని మాట పెరిగే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే. ఈ వారం చెప్పనిది వచ్చే వారం చెప్పడం ఇంకా కష్టం.

ఆ తర్వాతి నెలలు కూడా నాకు పాఠమే. ప్రభుత్వం కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్, సి. అచ్యుతన్‌లతో మొదలుపెట్టి కొత్త బోర్డు వేసింది. ఆ బోర్డు వేలం నడిపి, 2009 ఏప్రిల్‌లో కంపెనీని టెక్ మహీంద్రాకు అప్పగించింది. మూడు నెలలు వేలమంది ఇంజినీర్లు, యజమాని ఎవరో తెలియకుండానే, రోజూ వచ్చి కస్టమర్ల పని ఆగకుండా చూశారు. ఆ కంపెనీని నిలబెట్టినవాళ్లలో పేర్లు ఎక్కడా అచ్చుకాని ఆ ఇంజినీర్లు ముందుంటారు.

నిలబడి మాట్లాడటం, రాసి తేల్చడం

2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా కొండల మీద 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని అజైల్ అనే పని పద్ధతి మీద ప్రకటన రాశారు. మా దగ్గరికి అది 2007 ప్రాంతంలో వచ్చింది. పొద్దున్నే పదిహేను నిమిషాలు గుండ్రంగా నిలబడి నిన్నేం చేశాను, ఇవాళేం చేస్తాను, ఏది అడ్డుపడుతోంది అని చెప్పుకునే స్టాండప్ దాంతోపాటు వచ్చింది. మొదట్లో మేం దాన్ని హాజరు పట్టీలా మార్చేశాం. అందరూ ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసి లీడ్ మొహం చూస్తూ అప్పజెప్పేవాళ్లు. అప్పటికి నేను లీడ్‌ని. ఒకరోజు నేను వలయం బయట, మాట్లాడేవాళ్ల వెనక నిలబడ్డాను. నా మొహం కనిపించకపోయేసరికి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘అడ్డుపడుతోంది’ అన్న మూడో ప్రశ్నకు ఆ రోజే మొదటిసారి నిజమైన జవాబులు వచ్చాయి.

ఇంకొకటి చాలా ఆలస్యంగా గమనించాను. కాల్ అయ్యాక అసలు నిర్ణయాలు కింద చాయ్ బండి దగ్గర జరిగేవి. రాత్రి తొమ్మిదిన్నరకు మగవాళ్లు టీ గ్లాసులతో నిలబడి ఏం చేయాలో తేల్చేవారు. ఆ వేళకు మేం ఆడవాళ్లం క్యాబ్ ఎక్కేవాళ్లం. పొద్దున వస్తే ‘నిన్న అనుకున్నాం కదా’ అనేవారు. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ అక్కడ లేనివాళ్ల మాట అందులో లేదు.

అప్పుడు నాన్నగారి నోటు ఫైలు తీశాను. ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా ఒక పేజీ రాయాలని టీములో నియమం పెట్టాను. ఏం తేల్చాలి, ఎన్ని దారులున్నాయి, మనకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, ఎవరు తేలుస్తారు, ఏ రోజు మళ్లీ చూస్తాం. చాయ్ దగ్గర ఎంత మాట్లాడుకున్నా పేజీ మీదికి రానిది నిర్ణయం కిందికి రాదు. ఆరు నెలల్లో తేడా కనిపించింది. ముఖ్యంగా ఒక పిల్లవాడిలో. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు, కాల్‌లో ఇంగ్లీషులో మూడు ముక్కలు కూడా మాట్లాడేవాడు కాదు. అతని పేజీలు మా అందరికంటే స్పష్టంగా ఉండేవి. రెండేళ్లుగా పక్కన కూర్చున్నా ఆ బుర్రలో ఏముందో మేం వినలేదు. నోటితో తడబడినవాడికి కాగితం బల్ల మీద చోటిచ్చింది.

నానక్‌రామ్‌గూడలో 2019లో అమెజాన్ తన పెద్ద క్యాంపస్ తెరిచింది. అక్కడి నుంచి వచ్చిన స్నేహితులు వాళ్ల అలవాటు చెప్పారు. స్లయిడ్లు ఉండవు. ఆరు పేజీల వ్యాసం రాసి తెస్తారు. మీటింగు మొదట్లో అందరూ మౌనంగా అది చదువుతారు, తర్వాతే మాటలు. 2004 నుంచి ఆ కంపెనీలో ఉన్న పద్ధతి. మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి, అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు ఉద్యోగాలు మారుతూ మనుషులు ఇలాంటి అలవాట్లను కూడా మోసుకెళ్తారు. 2014 నాటికి తెలంగాణలో ఐటీ ఉద్యోగులు సుమారు 3.2 లక్షలు, 2023 నాటికి 9 లక్షలు దాటారు. మంచి అలవాటుకూ చెడ్డ అలవాటుకూ అన్ని దారులున్నాయి.

బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆయన చెప్పుకునే స్కూలు సంగతి ఒకటి నాకు బాగా నచ్చింది. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగు బాగా లేకపోతే కెప్టెన్ బంతి తీసుకుని తానే వేసి వికెట్ తీశాడు. ఆ తర్వాత బంతి మళ్లీ ఈయనకే ఇచ్చాడు. నమ్మకం పోకూడదని ఇచ్చాడని ఆయన అంటారు. అది చదివినప్పుడు నేను ఒకమ్మాయి చేతిలోంచి తీసుకున్న పని గుర్తొచ్చింది. గడువు దగ్గర పడిందని తీసుకుని నేనే పూర్తి చేశాను. తిరిగి ఇవ్వలేదు. ఆ అమ్మాయి మూడు నెలల్లో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఎవరి పనిలోనైనా చెయ్యి పెడితే ఎప్పుడు తిరిగి ఇస్తానో ఆ రోజే రాసిపెడుతున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మేమంతా ఇళ్లకు వెళ్లాం. ఆ ఏడాది మేం ఎక్కువసార్లు అన్న మాట “మీరు మ్యూట్‌లో ఉన్నారు.” ఒక గదికి ఒక బటన్ ఉండే రోజులు పోయి ప్రతి మనిషికీ ఒక బటన్ వచ్చింది. ఇప్పుడు ఎవరి మాటను వాళ్లే ఆపుకోవాలి. పక్కనున్న చాట్‌లో మాత్రం ఎన్నడూ నోరు విప్పనివాళ్లు రాయడం మొదలుపెట్టారు. నేను ఆ రాతల్ని పైకి చదివి, వాళ్ల పేరు చెప్పి, జవాబివ్వడం అలవాటు చేసుకున్నాను.

నాన్నగారి ప్రశ్న

రెండేళ్ల క్రితం సంక్రాంతికి బందరు వెళ్లినప్పుడు మా నిర్ణయాల పేజీ ఒకటి నాన్నగారికి చూపించాను. ఎనభై దాటారు. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టుకుని, అక్షరం వదలకుండా చదివారు. మెచ్చుకుంటారనుకున్నాను.

“అంతా బాగుందమ్మా. ఒప్పుకోనివాళ్లు ఏమన్నారో ఎక్కడుంది?” అన్నారు.

లేదు. నెగ్గిన దారి ఎందుకు నెగ్గిందో రాశాం. ఓడిన దారి ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో రాయలేదు.

“రేపు మీరనుకున్నది తప్పయిందనుకో. అప్పుడు తిరగేసి చూసుకోవడానికి ఏముంటుంది? గుమస్తా నోటు చింపేసినట్టే కదా,” అన్నారు. ఆ రాత్రే పేజీలో ఒక వరుస చేర్చాను.

మొన్న కాల్‌లో అవతలివాళ్లు గురువారానికి అవుతుందా అని అడిగారు. మహబూబాబాద్ నుంచి వచ్చి మా టీములో చేరి ఎనిమిది నెలలైన కుర్రాడి వంతు ముందు. నా తెర మీద అతని పేరు పక్కన చూశాను. మ్యూట్ గుర్తు లేదు. “గురువారానికి అవదు. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. సోమవారానికి అవుతుంది. సర్టిఫికెట్ మీరు రేపటికి పంపాలి,” అన్నాడు. ఇంగ్లీషు కాస్త తడబడింది. మాట తడబడలేదు. అటు నుంచి సరేనన్నారు. మా వాళ్లలోనే ఒక సీనియరుకు అది నచ్చలేదు, గురువారానికే చేయవచ్చన్నాడు.

ఆ సాయంత్రం పేజీ నేనే రాశాను. మొదటి వరుసలో ఆ కుర్రాడి మాట, అతని పేరుతో. చివరి వరుసలో సీనియరు మాట, అతని పేరుతో. రెండూ ఫైల్లో ఉన్నాయి.